ఉగ్గుగిన్నె నేర్పిన పాఠం

మా మద్రసాలో హదీసు పాఠాలు ఏటా గ్రహణ నమాజు అధ్యాయానికి చేరుకున్నప్పుడు నేను ఒక సంఘటనను ప్రత్యేకంగా వివరిస్తూ ఉంటాను. దైవప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు ఇబ్రాహీం పాలు తాగే వయసులోనే కన్నుమూశాడు. ఆ రోజునే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త ఇంట మరణం సంభవించినందువల్లనే సూర్యుడు చీకటయ్యాడని మదీనా ప్రజలు చెప్పుకోసాగారు. పుత్రశోకంలో ఉన్న తండ్రికి ఆ మాట ఓదార్పుగానే తోచవచ్చు. కాని ఆయన దానిని అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల వల్లా వాటికి గ్రహణం పట్టదని తేటతెల్లంగా ప్రకటించారు. ముగీరా బిన్ షూబా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది.

ఇరవై ఆరేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. విద్యార్థులు దీనిని కంఠస్థం చేసి పరీక్షల్లో చక్కగా రాస్తారు, నేను మార్కులు వేస్తాను. అయితే ఈ హదీసు మీద నాకే ఒక పరీక్ష వస్తుందని, అందులో మొదటి ఇరవై రోజులు నేను తెల్లకాగితమే ఇస్తానని ఎన్నడూ ఊహించలేదు.

2024 జనవరి మొదటి వారంలో నాకు మనవరాలు పుట్టింది. మా పట్టణంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పు జరిగింది. చెవిలో అజాన్ పలకడానికీ, తహ్‌నీక్ చేయడానికీ నేను ముందుగానే సిద్ధమై ఉన్నాను. మదీనాకు వలస వచ్చిన ముహాజిర్లకు అక్కడ పుట్టిన తొలి శిశువు అబ్దుల్లా బిన్ జుబైర్ నోట ప్రవక్త (స) ఖర్జూరాన్ని నమిలి ఉంచిన ఉదంతం తెలియని ముస్లిం కుటుంబం ఉండదు. హజ్ నుండి ఒక మిత్రుడు తెచ్చిచ్చిన అజ్వా ఖర్జూరాన్ని చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

నర్సు బిడ్డను తెచ్చి చూపినప్పుడు కొన్ని క్షణాలు నా నోట మాట రాలేదు. పైపెదవి ఎడమవైపున ముక్కు దాకా చీలి ఉంది. మన ప్రాంతంలో దానిని గ్రహణం మొర్రి అంటారు. నేను తేరుకుని అజాన్ పలికాను. తరువాత రుమాలు విప్పబోతుంటే నర్సు నా చేతిని సున్నితంగా ఆపి, టార్చి వెలుతురులో బిడ్డ నోటిని చూపించింది. లోపల అంగిలి కూడా చీలి ఉంది. నోటికీ ముక్కుకూ మధ్య ఉండవలసిన కప్పు లేదు.

“పెద్దాయనా, ఇప్పుడు ఏం పెట్టినా ఊపిరికి అడ్డం పడవచ్చు. తల్లి పాలు తప్ప మరేమీ వద్దు” అన్నది ఆ అమ్మాయి.

ఆ ఖర్జూరాన్ని తిరిగి రుమాలులో చుట్టుకున్నాను. తహ్‌నీక్ అభిలషణీయమైన ఆచరణ, ప్రాణరక్షణ విధి. ఈ తారతమ్యం విద్యార్థులకు బోధించేవాణ్ణి గనుక ఆ నిర్ణయం నాకు కష్టం కాలేదు. నేను తప్పిపోయింది ఆ తరువాత.

మూడోరోజు మమ్మల్ని ఇంటికి పంపుతూ ఆసుపత్రివారు, “ఆపరేషన్‌తో సరి అవుతుంది, కొన్ని నెలలు ఆగాలి, అందాకా పాలు బాగా పట్టండి” అని చెప్పారు. ఎలా పట్టాలో చెప్పలేదు. బిడ్డ రొమ్ము పట్టుకోవడానికి ఎంతో ప్రయత్నించేది. నుదుట చెమట పట్టేది. కాసేపటికి అలసి నిద్రపోయేది. పాలు లోనికి పోయాయనే మేమనుకునేవాళ్ళం. సీసాతో పట్టబోతే పాలు ముక్కులోంచి బయటికి వచ్చేవి, బిడ్డ ఉక్కిరిబిక్కిరి అయ్యేది. నా భార్య భయపడి సీసా పక్కన పెట్టేసింది.

ఇంతలో మా ఆపా వచ్చింది. మా అమ్మ పోయిన తరువాత నన్ను పెంచినది ఆమే. బిడ్డను చూసి కన్నీళ్ళు పెట్టుకుని, కోడలి వైపు తిరిగి అడిగింది: “గ్రహణం నాడు ఏం కోశావమ్మా?”

2023 అక్టోబరు 28 రాత్రి పాక్షిక చంద్రగ్రహణం పట్టింది. కోడలికి అప్పుడు ఏడో నెల. అర్ధరాత్రి దాటాక ఆకలి వేసి లేచి, వంటింట్లో జామకాయ కోసుకుని తిన్నదట. అమాయకంగా ఆ మాట చెప్పింది. ఇక అక్కడినుండి మొదలైంది. చూడవచ్చిన ప్రతి బంధువుకూ ఆ జామకాయ కథ వినిపించేవారు. “ఆడపిల్ల, రేపు దీని గతి ఏమిటి?” అనేవారు. నా భార్య కూడా ఒకటి రెండుసార్లు తల ఊపింది. కోడలు ముఖం గోడ వైపు తిప్పుకుని పడుకునేది. అన్నం పళ్ళెం ముట్టకుండానే తిరిగి వచ్చేది. నా కుమారుడు సెలవు ముగిసి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.

అన్నీ వింటూ నేను వరండాలో కూర్చునేవాణ్ణి. ఎదురుగా అలమరలో బుఖారీ సంపుటాలు ఉండేవి. అక్కను నొప్పించకూడదనుకున్నాను, ఆడవాళ్ళ మాటల్లో తల దూర్చకూడదనుకున్నాను, కాలం గడిస్తే సద్దుమణుగుతుందనుకున్నాను. ఏడోరోజు చేయవలసిన అఖీఖాను కూడా బిడ్డ బలహీనంగా ఉందన్న నెపంతో వాయిదా వేశాను. నలుగురూ ఆ ముఖం చూస్తారన్న బిడియమే అసలు కారణం. ఈ సంగతి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

పంతొమ్మిదో రోజున ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను అంగన్‌వాడీలో తూకం వేయించింది. పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు ఉన్న బిడ్డ 2 కిలోల 450 గ్రాములకు దిగిపోయింది. పుట్టిన మొదటి వారంలో ఏ శిశువైనా కొంత బరువు తగ్గుతుందట. రెండు వారాలు నిండేసరికి ఆ తగ్గినది తిరిగి రావాలట. మా బిడ్డకు తిరిగి రాకపోగా ఇంకా పోయింది. మూత్రం కూడా రోజుకు మూడు నాలుగుసార్లకు మించి పోవడం లేదని కోడలు చెప్పింది. “రేపే తీసుకువెళ్ళండి” అన్నది ఆశా కార్యకర్త.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత ఇంటికి వచ్చేసరికి కోడలు బిడ్డను ఒడిలో పెట్టుకుని చీకట్లో కూర్చుని ఉంది. మామూలుగా నా ఎదుట ఎక్కువ మాట్లాడదు. ఆనాడు తల ఎత్తకుండానే అడిగింది: “అబ్బాజాన్, మీరు చదువుకున్నవారు. మీరు కూడా అలాగే అనుకుంటున్నారా? నేను కోయడం వల్లేనా?”

నేను “లేదు తల్లీ” అన్నాను. కాని ఆ జవాబు ఇరవై రోజులు ఆలస్యమైంది. నా మౌనాన్ని ఆమె నా తీర్పుగా భావించి మోసింది.

రాత్రంతా నిద్ర పట్టలేదు. బఖరా సూరాలోని 233వ ఆయతు మనసులో తిరుగుతూ ఉంది. తల్లులు పూర్తిగా రెండేళ్ళు పాలివ్వడం గురించిన ఆయతు అది. దాని తొలి భాగాన్నే మనం ఎక్కువగా ప్రస్తావిస్తాం. పాలిచ్చే తల్లి తిండి, బట్టల బాధ్యత తండ్రిదని అందులోనే ఉంది. బిడ్డ కారణంగా తల్లికి కష్టం కలిగించరాదని కూడా అందులోనే ఉంది. వ్యాఖ్యాతలు ఆ మాటను విడాకులు, పోషణ ఖర్చుల సందర్భంలో వివరించారు. నేనూ అంతవరకే బోధించాను. బిడ్డ ముఖాన్ని చూపి తల్లిని నిందించడం కూడా బిడ్డ కారణంగా తల్లిని బాధించడమేనని ఆ రాత్రి గాని నాకు తట్టలేదు.

తెల్లవారి ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరాం. పెదవి, అంగిలి చీలికలతో పుట్టిన పిల్లలకు ఉచితంగా చికిత్స చేసే ఆసుపత్రి జిల్లా కేంద్రానికి ఆవల ఉందని ఆశా కార్యకర్త వాకబు చేసి చెప్పింది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి పిల్లలను గుర్తించి వైద్యానికి పంపే ఏర్పాటు ఉందని కూడా ఆమె ద్వారానే తెలిసింది. అక్కడి డాక్టరమ్మ బిడ్డను పరీక్షించి, ఆపరేషన్ గురించి కాక ముందుగా పాల గురించే మాట్లాడింది.

“కొబ్బరిబోండంలో గొట్టం వేసి తాగుతారు గదా! ఆ గొట్టానికి నడుమ చిల్లు ఉంటే నీళ్ళు పైకి వస్తాయా?” అని అడిగింది. రావన్నాను. “ఇదీ అంతే. చీకాలంటే నోరు మూతపడి లోపల గాలి లాగాలి. అంగిలి తెరుచుకుని ఉంటే ఆ పట్టు దొరకదు. బిడ్డ చీకుతున్నట్టే ఉంటుంది, పాలు రావు. చీకే శ్రమకు ఉన్న బలం కూడా ఖర్చవుతుంది. ఆకలితో కాదు, అలసటతో నిద్రపోతుంది.”

తరువాత ఒక నర్సు ఉగ్గుగిన్నె తెచ్చింది. మా అమ్మ కాలంలో ప్రతి ఇంటా ఉండిన, కొసన ముక్కు గల చిన్న గిన్నె. స్టీలుది. కోడలి చేత పాలు పిండించి, అందులో పోసి, ఎలా పట్టాలో చూపింది. బిడ్డను పడుకోబెట్టకుండా ఒడిలో దాదాపు కూర్చోబెట్టినట్టు పట్టుకోవాలి. తల, మెడ చేతి మీద ఆనాలి. గిన్నె ముక్కును చీలిక లేని వైపున, బుగ్గ లోపలికి ఆనించి కొద్దికొద్దిగా వంచాలి. బిడ్డ మింగేదాకా ఆగి, మింగాక మళ్ళీ వంచాలి. ఇటువంటి పిల్లలు పాలతోపాటు గాలి కూడా మింగుతారు గనుక మధ్యమధ్య భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి. ఒక పూట పట్టడం అరగంటకు మించకూడదు. మించితే తాగినదంతా తాగే శ్రమకే చెల్లిపోతుంది. పట్టాక కొంతసేపు నిటారుగానే ఎత్తుకోవాలి. ముక్కులోంచి కాస్త పాలు వస్తే హడలిపోనవసరం లేదు, ఆగి, తుడిచి, మళ్ళీ మొదలుపెట్టాలి. అయితే బిడ్డ పెదవులు నీలిరంగుకు తిరిగినా, ప్రతి పూటా దగ్గు వచ్చినా, ఊపిరి ఆయాసంగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

మొదటిసారి నలభై మిల్లీలీటర్లు పట్టడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అదంతా బిడ్డ కడుపులోకే పోయింది. పుట్టిన తరువాత తొలిసారిగా మా మనవరాలు ఏడవకుండా, చెమట పట్టకుండా, పిడికిళ్ళు విప్పుకుని నిద్రపోయింది. కోడలు ఆ విప్పిన చేతిని చూస్తూ ఏడ్చింది.

డాక్టరమ్మ లెక్క కూడా చెప్పింది. రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు కావాలి. అంటే మా బిడ్డకు రోజుకు దాదాపు 370; ఎనిమిది పూటలకు పంచితే పూటకు సుమారు 45. వారసత్వ వాటాలను లెక్కకట్టడం బోధించేవాణ్ణి గనుక ఈ పంపకం నాకు అప్పగించమన్నాను. “వారంలో బరువు పెరగకపోతే కొన్నాళ్ళు ముక్కు గొట్టం ద్వారా పట్టాలి, దానిని ఓటమి అనుకోకండి” అని ఆమె ముందే హెచ్చరించింది.

వెళ్ళబోతూ గ్రహణం సంగతి అడిగాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. “పెదవి తయారయ్యేది గర్భం నిలిచిన నాలుగో వారం నుండి ఏడో వారం లోపు. అంగిలి తొమ్మిదో వారానికల్లా కలుస్తుంది. చాలామంది తల్లులకు అప్పటికి గర్భం సంగతే సరిగా తెలియదు. ఏడో నెలలో పండు కోస్తే ఏడో వారంలో తయారైన పెదవి చీలుతుందా?” అన్నది. కారణాలు అనేకం ఉంటాయని, వంశపారంపర్యం, ఫోలిక్ యాసిడ్ కొరత, కొన్ని రకాల మందులు, పొగాకు వంటివి కొన్ని అని, చాలాసార్లు ఫలానా కారణమని తేల్చలేమని వివరించింది. వేయిమంది శిశువుల్లో దాదాపు ఒకరు ఇలా పుడతారట.

మరునాడు ఇరవై ఒకటో రోజు. ఒక మేకను జిబహ్ చేసి, అఖీఖా చేశాను. దగ్గరి బంధువులందరినీ పిలిచాను. బిడ్డను నా ఒడిలో అందరికీ కనబడేలా పెట్టుకుని, ఇబ్రాహీం మరణం నాటి గ్రహణం హదీసును చెప్పాను. మద్రసాలో చెప్పినట్టు చెప్పలేకపోయాను, గొంతు వణికింది. “ప్రవక్త (స) తన బిడ్డ చావుకే గ్రహణంతో ముడి పెట్టనివ్వలేదు. నా మనవరాలి పెదవికి ముడి పెట్టడానికి మనమెవరం? ఈ ఇంట్లో ఆ జామకాయ మాట ఇక వినిపించకూడదు. ఇన్నాళ్ళూ ఊరుకున్నందుకు ముందుగా నేను నా కోడలికి క్షమాపణ చెబుతున్నాను” అన్నాను.

ఆపా చాలాసేపు మాట్లాడలేదు. “చదివినవాడివి నువ్వే చెప్పకపోతే మాకెలా తెలుస్తుందిరా తమ్ముడూ!” అన్నది చివరికి. ఆ మాట నాకు శూలంలా గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం. మా ఆపా దుష్టురాలు కాదు. ఆమెకు తెలిసిన మాట ఆమె చెప్పింది. నాకు తెలిసిన మాట నేను చెప్పలేదు. మా ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో పాఠకులే నిర్ణయించగలరు. ఆనాటి నుండి తెల్లవారుజామున మూడు గంటల పాలపూట ఆపా తనదిగా తీసుకుంది. తహజ్జుద్‌కు ఎలాగూ లేస్తాను గదా అని ఉగ్గుగిన్నెను వేడినీళ్ళలో మరగబెట్టి, బిడ్డకు పాలు పట్టి, ఆ తరువాత ముసల్లా పరిచేది.

మద్రసా హాజరు పట్టీల్లో ఒకటి ఇంటికి తెచ్చి పాల లెక్క రాయడం మొదలుపెట్టాను. పూట, పరిమాణం, పట్టిన సమయం, మూత్రం ఎన్నిసార్లు, వారానికొకసారి అంగన్‌వాడీలో తూకం. ఇరవై ఆరో రోజు 2 కిలోల 600. ముప్పై మూడో రోజు 2 కిలోల 780. నలభయ్యో రోజు 2 కిలోల 980. ముక్కు గొట్టం అవసరం రాలేదు, అల్‌హమ్దులిల్లాహ్. ఇంకో సంగతి కూడా ఆ పట్టీలోనే తెలిసింది. మాటల పోట్లు ఆగి, కోడలు వేళకు అన్నం తిని, మూడు గంటలకొకసారి పాలు పిండడం మొదలయ్యాక పూటకు ముప్పై మిల్లీలీటర్లు వచ్చే పాలు పది రోజుల్లో రెట్టింపయ్యాయి.

ఆ ఏడాది మార్చిలో రమజాన్ వచ్చింది. కోడలు ఉపవాసాలు పాటిస్తానన్నది. పాలిచ్చే తల్లి తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడితే ఉపవాసాలను వాయిదా వేసుకుని తరువాత పూర్తి చేసుకునే సడలింపు ధర్మంలోనే ఉందని చెప్పాను. “అందరూ ఉంటే నేనొక్కదాన్నే తింటూ కూర్చోవాలా?” అన్నది. ఖసస్ సూరాలోని మూసా (అ) తల్లి వృత్తాంతాన్ని గుర్తు చేశాను. ఫిరౌన్ సైనికులు మగశిశువులను చంపుతున్న వేళ అల్లాహ్ ఆ తల్లి మనసుకు అందించిన ఆదేశాల్లో మొదటిది పాలు పట్టమనే. నదిలో విడవడం తరువాతి మాట. “బేటీ, నీ ఆరాధన ఈ నెల ఈ గిన్నెలో ఉంది” అన్నాను. ఆ రమజాన్‌లో మా ఇంట్లో మధ్యాహ్నం వేళ ఆమెకు వేడి అన్నం వండి పెట్టింది నా భార్యే, తాను ఉపవాసంతో ఉండి.

బిడ్డ నాలుగున్నర నెలలకు 5 కిలోలు దాటింది, రక్తం కూడా సరిపడా ఉంది. పెదవి ఆపరేషన్ జరిగింది. మత్తు ఇవ్వడానికి నాలుగు గంటల ముందు తల్లిపాలు ఆపాలన్నారు. యాభై ఏళ్ళు దాటిన నేను ఎన్నో ఉపవాసాలు చూశాను గాని, ఆ నాలుగు గంటల పసి ఉపవాసమంత దీర్ఘమైనది మరొకటి చూడలేదు. ఆరో నెల నుండి పలుచని జావకు బదులు గరిటెకు అంటుకునేంత చిక్కగా వండిన రాగిజావ, మెత్తగా మెదిపిన పప్పన్నం, అరటిపండు, నిటారుగా కూర్చోబెట్టి తినిపించాం. చిక్కని తిండి ముక్కులోకి తక్కువగా ఎక్కుతుంది. కొనగోట తేనె నాకించమని ఎవరో అన్నారు. ఏడాది నిండని శిశువుకు తేనె ప్రాణాంతక విషక్రిములను చేర్చగలదని వైద్యులు చెప్పి ఉన్నారు గనుక వారించాం. పదకొండో నెలలో అంగిలి ఆపరేషన్ కూడా పూర్తయింది. మూడు వారాలు ద్రవాహారం, మెత్తని ఆహారం తప్ప గట్టిది ఏదీ నోటికి తగలనివ్వలేదు. చెవుల పరీక్షలు, మాట నేర్పే శిక్షణ ఇప్పటికీ సాగుతున్నాయి.

సోదర సోదరీమణులారా! మీ ఇంటగాని, పొరుగింటగాని ఇటువంటి శిశువు పుడితే ఆపరేషన్ నాటిదాకా వేచి ఉండకండి. మొదటి వారంలోనే పాలు పట్టే పద్ధతి తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్ళండి, వారం వారం తూకం వేయించండి. అంతకంటే ముందుగా ఆ తల్లి పక్కన కూర్చోండి. ఆమె పళ్ళెంలో అన్నం ఉందో లేదో చూడండి. ఆమెను ఎవరైనా ప్రశ్నిస్తుంటే, జవాబు తెలిసి కూడా వరండాలో కూర్చోకండి. ప్రవక్త (స) ఇబ్రాహీంకు పాలిచ్చే దాది ఇంటికి స్వయంగా వెళ్ళేవారు. ఆమె భర్త కమ్మరి. కొలిమి పొగతో నిండిన ఆ ఇంట్లోకి వెళ్ళి బిడ్డను ఎత్తుకుని ముద్దాడి వచ్చేవారని అనస్ (రజి) తెలిపారు. బిడ్డ పాలు తాగే చోటికి వెళ్ళడం ఆయన తనకు తగని పని అనుకోలేదు.

అంగిలి ఆపరేషన్‌కు ముందు మా మనవరాలు నన్ను పిలవబోతే గాలి ముక్కులోంచి పోయి ‘దాదా’ కాస్తా ‘నానా’ అని వినిపించేది. తననే పిలుస్తోందని ఆమె తల్లి తండ్రి మురిసిపోయేవారు. శిక్షణ మొదలైన కొన్ని వారాలకు ఒకనాడు నేను మద్రసాకు బయలుదేరుతుంటే గడప దగ్గర నిలబడి ‘దాదా’ అన్నది. ఆనాడు తరగతిలో గ్రహణ నమాజు అధ్యాయం కాకపోయినా, ఆ పాఠమే చెప్పాను.

అల్లాహ్ మన బిడ్డలకు ఆరోగ్యాన్ని, వారి తల్లులకు మనశ్శాంతిని, తెలిసిన సత్యాన్ని సకాలంలో పలికే ధైర్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.